మన కొండతేనెను ఒకసారి మీ ల్యాబ్‌లో పెట్టి చూడండి

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాలల మైక్రోబయాలజీ, సర్జరీ విభాగాల పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రొఫెసర్లకు,

నమస్కారం. నేను నెల్లూరులో ఒక ప్రైవేటు డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. చీము, మూత్రం, కళ్లె, రక్తం, ఏది కల్చర్‌కి వచ్చినా ప్లేటు మీద గీయడం, మర్నాడు ఏం పెరిగిందో చూడటం, అది ఏ మందుకు లొంగుతుందో రాయడం నా పని. రిపోర్టు మీద సంతకం డాక్టరు గారిదే అయినా ప్లేటును ముందు చూసేది నేనే. మిమ్మల్ని ఒక్కటే అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. పెంచలకోన చుట్టూ వెలిగొండల్లో యానాదులు తీసే తేనె, అటు దోర్నాల, యర్రగొండపాలెం వైపు నల్లమలలో చెంచులు తీసే తేనె మందులకు లొంగని క్రిముల మీద పనిచేస్తుందో లేదో మీ ల్యాబుల్లో పద్ధతిగా పరీక్ష చేయించండి. ఫలితం ఎటు వచ్చినా సరే, బయటపెట్టండి.

తేనె గురించి వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు నాకూ వస్తుంటాయి. పరగడుపున రెండు చెంచాలు తాగితే మోకాళ్ల నొప్పుల దగ్గర్నుంచి కేన్సర్ దాకా అన్నీ పోతాయంటారు. నాది ఆ బాపతు కాదు. తాగిన తేనె అరిగిపోయి చక్కెరగా ఒంట్లో కలుస్తుంది, అంతే. ఊపిరితిత్తుల్లోనో రక్తంలోనో ఉన్న క్రిమిని అది చంపదు. సెప్సిస్ వచ్చిన మనిషికి తేనె నాకించి కూర్చుంటే ఆ మనిషి దక్కడు. నేను మాట్లాడేది పైన వేసే కట్టు గురించి. కాలిన గాయాలు, చీము పట్టిన ఆపరేషన్ కుట్లు, మంచాన పడ్డవాళ్ల వీపు మీద లేచే పుండ్లు, షుగర్ వాళ్ల కాలి పుండ్లు, వీటి సంగతి.

మీకు తెలిసిందే అయినా, ఇది చదివే మిగతావాళ్ల కోసం ప్లేటు ఎట్టా ఉంటుందో చెబుతాను. లేత పసుపు రంగు జెల్లీ మీద రోగి నుంచి తీసిన క్రిమిని పలచగా పరిచి, మీద మందు బిళ్లలు పెడతాం. చొక్కా గుండీ కన్నా చిన్నవి, ఒక్కొక్క దాని మీద మందు పేరు పొడి అక్షరాల్లో ఉంటుంది. రాత్రంతా 35 డిగ్రీల వేడిలో ఉంచితే, పనిచేసే మందు చుట్టూ క్రిమి పెరగని గుండ్రటి ఖాళీ వస్తుంది. దాన్ని స్కేలుతో కొలుస్తాం. గాయాల్లో చీము పట్టించే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే క్రిమి అయితే సెఫాక్సిటిన్ బిళ్ల చుట్టూ ఖాళీ 22 మిల్లీమీటర్లకు తగ్గిందంటే అది ఎంఆర్ఎస్ఏ, అంటే మెథిసిలిన్ జాతి మందులకు లొంగని రకం. ఇప్పుడు కొన్ని ప్లేట్లలో కొలవడానికి ఏమీ ఉండటం లేదు. క్లెబ్సియెల్లా అనే ఇంకో క్రిమి, మిగతా మందులు పనిచేయనప్పుడు వాడే మెరోపెనెం బిళ్ల అంచును తాకేదాకా పాకి ఉంటుంది, లూపుతో తాకి పైకి లేపితే జిగటగా తీగ సాగుతుంది. రిపోర్టులో ఒకదాని కింద ఒకటి అన్నీ ఆర్‌లే. ఆర్ అంటే ఆ మందుకు క్రిమి లొంగదని. సాయంత్రం రోగి కొడుకో అల్లుడో ఫోన్ చేసి, "అన్నా, ఏ మందు పనిచేస్తాదో రాసినారా?" అంటాడు. డాక్టరు గారు చెబుతారులే అంటాను. వేరే ఏం చెప్పగలను?

ఇక్కడిదాకా ఎట్టా వచ్చామో కూడా మీకు తెలుసు. లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం 2019 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 12.7 లక్షల మంది నేరుగా మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే చనిపోయారు. కొన్ని యాంటీబయాటిక్‌ల అమ్మకానికి పెట్టిన షెడ్యూల్ హెచ్1 నిబంధన 2014 నుంచి అమల్లో ఉంది. ఆ మందులు అమ్మితే రాసిన డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఆ రిజిస్టర్ ఎంత తెల్లగా ఉంటుందో మందుల షాపులకు వెళ్లే ప్రతివాళ్లకీ తెలుసు. "జొరమొచ్చింది, మూడు బిళ్లలియ్యి" అంటే మూడు బిళ్లలే కత్తిరించి ఇస్తారు. మన తీరం వెంబడి రొయ్యల చెరువుల్లో ఏవేవి కలుపుతారన్నది ఇంకో పెద్ద కథ, దాన్ని ఇందులోకి లాగను. ఒక్క మాట మాత్రం మనసులో ఉంది. 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటికి వచ్చిన లెడర్లీ సంస్థలో పరిశోధనలకు పెద్ద మన యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఆ మందు కుటుంబానికే చెందిన టెట్రాసైక్లిన్ పక్కన ఇప్పుడు ఆర్ అని రాయాల్సి వచ్చినప్పుడల్లా చేతికి ఏదోలా ఉంటుంది.

ఇక తేనె సంగతి. తేనె క్రిమిని ఒక్క దెబ్బతో కాదు, నాలుగైదు వైపుల నుంచి కొడుతుంది. మొదటిది చక్కెర. తేనెలో నూటికి 80 వంతులు చక్కెరలే, నీరు 17 నుంచి 20 వంతులు. ఆ కాస్త నీరు కూడా క్రిమికి అందదు, పైగా క్రిమిలో ఉన్న నీరే బయటికి లాగేస్తుంది. రెండోది పులుపు. నాలుకకు తెలియకపోయినా తేనె పీహెచ్ 3.2 నుంచి 4.5 మధ్య ఉంటుంది. మూడోది నాకు అన్నిటికన్నా ముచ్చటైనది. ఈగ తన తల గ్రంథి నుంచి గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌ను తేనెలో కలుపుతుంది. చిక్కటి తేనెలో అది నిద్రపోతుంటుంది. పుండు రసి తగిలి తేనె పలచబడగానే మేలుకొని, గ్లూకోజ్‌ను విరగ్గొట్టి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కొంచెం కొంచెంగా వదులుతుంది. మనం గాయం కడిగే పెరాక్సైడ్ సీసాలో ఉండే బలంతో పోలిస్తే ఇది చాలా తక్కువ. అందుకే మంచి కండను కాల్చదు. ఆగకుండా వస్తుంది కాబట్టి క్రిమి మాత్రం తట్టుకోలేదు. ఇవి కాక డిఫెన్సిన్-1 అని ఈగ ఒంట్లో తయారయ్యే చిన్న ప్రొటీన్ కూడా తేనెలో ఉందని 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు.

న్యూజిలాండ్ మనూకా తేనెది ఇంకో దారి. ఆ పొద పువ్వు మకరందంలోని ఒక పదార్థం తేనెలో మెల్లగా మిథైల్‌గ్లయాక్సల్‌గా మారుతుంది. ఈ సంగతి 2008లో తేలింది. దానికి ముందే, 2007లో, మెడిహనీ అనే మనూకా తేనె కట్టుకు అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. మనూకా సీసాల ధర చూస్తే మనబోటి వాళ్లకు కళ్లు తిరుగుతాయి. కానీ నన్ను ఈ ఉత్తరం రాయించింది మనూకా కాదు, 1999 నాటి ఒక చిన్న పరీక్ష. గాయాల నుంచి తీసిన 58 స్టెఫైలోకాకస్ ఆరియస్ రకాల మీద వేల్స్, న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు రెండు తేనెలను పక్కపక్కన పెట్టి చూశారు. మనూకా 2 నుంచి 3 శాతం గాఢత దగ్గర క్రిమిని ఆపింది. పచ్చిక బయళ్ల మామూలు తేనె, పెరాక్సైడ్ మీదే ఆధారపడేది, 3 నుంచి 4 శాతం దగ్గరే ఆపింది. తేడా అంతే! చక్కెర పాకమైతే దానికి ఎన్నో రెట్లు చిక్కగా ఉంటే తప్ప ఆపలేదు. అంటే మనూకా పొద లేని ఊళ్లో కూడా మంచి తేనెకు అవకాశం ఉందన్నమాట. కానుగ, నేరేడు, వేప, చింత పూలు పూసే మన కొండల తేనె ఎంత శాతం దగ్గర ఆపుతుంది? ఈ జవాబు మీ ఇంక్యుబేటర్ చెప్పాలి.

ఇంకో విషయం కూడా ఉంది. ల్యాబులో ఎంఆర్ఎస్ఏను కొంచెం కొంచెంగా తేనెకు అలవాటు చేసి, నిరోధకత పుట్టించాలని కొందరు చూశారు. నిలబడే నిరోధకత రాలేదు. ఒకే తాళమైతే క్రిమి ఏదో ఒక రోజు తీసేస్తుంది, ఇన్ని ఒకేసారి వేస్తే దానికి కష్టం. ఎంఆర్ఎస్ఏ మీద పనిచేయని ఆక్సాసిలిన్‌కు మనూకాను తోడిస్తే మళ్లీ పనిచేసిందని కూడా ల్యాబ్ ఫలితాలున్నాయి. అవన్నీ గాజు పలకల మీది మాటలేనని నాకు తెలుసు.

మనుషుల మీద చేసిన పరీక్షల్లో పేరున్నది మన దేశానిదే. సోలాపూర్‌లో డాక్టర్ ఎం. సుబ్రహ్మణ్యం 104 మంది కాలిన గాయాల రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు తేనె, ఇంకో జట్టుకు మామూలుగా వాడే సిల్వర్ సల్ఫాడయజీన్ పూత కట్టి, 1991లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీలో రాశారు. ఏడు రోజుల్లో తేనె జట్టులో 91 శాతం గాయాల్లో క్రిమి లేకుండా పోయింది, రెండో జట్టులో 7 శాతమే. అంత తేడా చూస్తే నాకూ అనుమానమే వస్తుంది. కాలిన గాయాల మీద వచ్చిన పరీక్షలు ఎక్కువగా ఒకే చోటివని వైద్య పరీక్షలన్నీ పోగేసి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్షకులు కూడా ఎత్తిచూపారు. ఆ కాక్రేన్ వాళ్లే 2015లో 26 పరీక్షలు, 3011 మంది రోగుల లెక్కలు పోగేసి చూసి, లోతు లేని కాలిన గాయాలు తేనెతో నాలుగైదు రోజులు ముందుగా మానుతున్నాయని, చీము పట్టిన ఆపరేషన్ గాయాల్లో కూడా మేలు కనబడుతోందని అన్నారు. షుగర్ కాలి పుండ్ల విషయంలో తేల్చి చెప్పలేమన్నారు. సిరల పుండ్లకు లాభం కనబడలేదన్నారు. నెల్లూరులో మనకు ఎక్కువగా వచ్చేవి షుగర్ కాళ్లే. కాబట్టి సర్జరీ విభాగం వారు ఇది చదివి రేపే తేనె కట్టమని నేను అనడం లేదు. ముందు ల్యాబ్, తర్వాత ఎథిక్స్ కమిటీ, ఆ తర్వాతే వార్డు.

వార్డులో కష్టసుఖాలు డ్రెస్సింగ్ కట్టే సిస్టర్లను అడిగితే తెలుస్తాయి. తేనె పుండులోంచి నీరు లాగుతుంది కాబట్టి కట్టు త్వరగా తడిసిపోతుంది, మొదట్లో రోజూ మార్చాలి. పులుపు వల్ల కొందరికి మంట పుడుతుంది. కుళ్లిన పొర వదులై వాసన తగ్గుతుంది, కుళ్లు వాసన ఉన్న పుండుతో ఇంట్లో ఒక గదిలో పడి ఉండే మనిషికి ఇది చిన్న సంగతి కాదు. ఇక చీమలు. ప్రభుత్వాసుపత్రి మంచం కాళ్ల కింద చీమల మందు గీత గీయాల్సి వస్తుందేమో, నవ్వులాటకు అనడం లేదు.

మీరు పరీక్షకు పూనుకుంటే ఒకటి రెండు మాటలు. మీకంటే పెద్దగా తెలిసి చెప్పడం లేదు, బెంచి దగ్గర నిలబడేవాడిగా చెబుతున్నాను. అగార్‌లో గుంట తవ్వి తేనె పోసి ఖాళీ కొలిచేస్తే సరిపోదు. తేనె చిక్కగా ఉండి జెల్లీలోకి సరిగ్గా పాకదు, పెద్ద అణువులు అసలు కదలవు. బ్రాత్‌లో మెట్లు మెట్లుగా పలచన చేసి ఎంఐసీ, అంటే క్రిమిని ఆపే అతి తక్కువ గాఢత, చూడటమే మేలు. పక్కనే అదే పాళ్లలో కలిపిన చక్కెర పాకం పెట్టాలి, లేకపోతే చక్కెర చేసిన పనిని తేనె ఖాతాలో వేస్తాం. ఇంకో వరుసలో క్యాటలేజ్ కలపాలి. పెరాక్సైడ్‌ను అది విరిచేస్తుంది, ఆ తర్వాత కూడా తేనె పనిచేస్తే ఇంకేదో ఉందని అర్థం. పైగా మన రక్తంలో, కండలో క్యాటలేజ్ ఎలాగూ ఉంటుంది కాబట్టి పుండులో ఏం జరుగుతుందో కొంత అంచనా దొరుకుతుంది. రిఫరెన్స్ స్ట్రెయిన్లతో పాటు మీ వార్డుల్లో దొరికిన ఎంఆర్ఎస్ఏ, సూడోమోనాస్, క్లెబ్సియెల్లాలను పెట్టండి. తేనెను ఎండలో, వేడిలో పెట్టకూడదు, ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. బజారు తేనెను వడకట్టడానికి, గడ్డకట్టకుండా ఉండటానికి కాస్తారు. ఆ సీసా తెచ్చి పరీక్ష పెట్టి "తేనె పనిచేయలేదు" అని రాస్తే తేనెకు అన్యాయం చేసినట్టే.

తేనె శుద్ధం ముందు తేల్చుకోవాలి. మన వీధుల్లో బకెట్‌లో తుట్టె ముక్క వేసుకొని వచ్చేవాళ్ల దగ్గర కొన్నది ఎంత తేనో, ఎంత బెల్లప్పాకమో దేవుడికే తెలియాలి. నీళ్లలో వేసి చూడటం, అగ్గిపుల్ల ముంచి గీయడం, కుక్కకు పెట్టడం, ఇవేవీ పరీక్షలు కావు. పెద్ద పెద్ద పేర్ల మీద అమ్మే తేనెల్లోనే చాలావాటిలో చక్కెర పాకాలు కలిశాయని 2020లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బయటపెట్టింది. అంతకన్నా మీకు ముఖ్యమైంది మరొకటి. పెట్టెల్లో ఈగలను పెంచేవాళ్లలో కొందరు ఈగల జబ్బులకు ఆక్సీటెట్రాసైక్లిన్ లాంటివి వాడతారు. యాంటీబయాటిక్ అవశేషాలున్నాయనే 2010లో యూరప్ మన తేనెను ఆపేసింది. అలాంటి తేనె పోసి ప్లేటు మీద ఖాళీ వస్తే అది తేనె గొప్పా, అందులో ఉన్న మందు గొప్పా? అందుకే అడవి తేనె అంటున్నాను. దానికి ఎవరూ మందు పెట్టరు. అయినా నమ్మకం మీద వదలకుండా అవశేషాల పరీక్ష చేయించాలి.

అడవి తేనెలోనూ చిక్కులున్నాయి. కొండ చరియలకు పెద్ద ఈగ పెట్టే పట్టు తేనెలో నీరు ఎక్కువ, 20 శాతం దాటిందంటే పులుస్తుంది. పిల్ల పురుగులు, పుప్పొడి ఉన్న పెరతో సహా పిండేస్తే ఇంకా చెడుతుంది. తేనె అర వేరు చేసి, పిండకుండా కారనిస్తే మేలు. ఈ పని చెంచులకు, యానాదులకు నేర్పేవాళ్లం మనం కాదు, చరియ మీద వేలాడుతూ పొగ పెట్టి పట్టు కోసేది వాళ్లు. కాకపోతే ఆ శ్రమకు తగిన ధర ఇస్తే విడిగా కారబోసి ఇవ్వడానికి వాళ్లకు అభ్యంతరం ఉండదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం తేనె, మైనం వాళ్ల హక్కు. రేపు ఏదన్నా మంచి ఫలితం వచ్చి, ఎవరో సీసాకు బొమ్మ వేసి అమ్ముకుంటే అందులో వాళ్ల వాటా మొదటి రోజే కాగితం మీద ఉండాలి. గిరిజన సహకార సంస్థను ఈ పనిలోకి పిలవమని అడిగేది అందుకే.

ప్రొపోలిస్ గురించి కూడా అడుగుతారేమో. చెట్ల మొగ్గల జిగురు తెచ్చి ఈగలు గూటి సందులు మూసే బంక అది. స్టెఫైలోకాకస్ లాంటి గ్రామ్ పాజిటివ్ క్రిముల మీద బాగానే పనిచేస్తుంది, క్లెబ్సియెల్లా లాంటి గ్రామ్ నెగెటివ్ క్రిముల మీద అంత బలం లేదు. మన పుట్టతేనె ఈగ ఆ బంక జోలికి పెద్దగా పోదు. పెట్టెల్లో పెంచే ఇటాలియన్ ఈగ, గోడ సందుల్లో ఉండే కుట్టని చిన్న ఈగ మాత్రం చేస్తాయి. ఏ చెట్టు జిగురు తెచ్చిందో దాన్ని బట్టి గుణం మారిపోతుంది. ఆ పని తర్వాత చూసుకోవచ్చు. ఈగ విషం జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు, అలర్జీతో ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్లు ఉంటారు.

ఈ ఉత్తరం చదివి ఎవరన్నా ఇంట్లో తేనె సీసా తీసి పుండు మీద పోస్తారేమోనన్నది నా భయం. దయచేసి వద్దు. మామూలు తేనెలో క్లోస్ట్రీడియం అనే క్రిమి స్పోర్లు, అంటే గట్టి పెంకు కట్టుకుని నిద్రపోయే రూపాలు, ఉండవచ్చు. ఆసుపత్రుల్లో వాడే తేనెను సిరంజీలను శుద్ధి చేసే గామా కిరణాల కింద పెడతారు. దాంతో స్పోర్లు చస్తాయి, తేనె గుణం పెద్దగా పోదు. మరిగిస్తే స్పోర్లు చావవు, తేనె గుణం మాత్రం పోతుంది. పుట్టగానే బిడ్డ నాలుకకు తేనె రాసే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. ఏడాది లోపు బిడ్డకు తేనె చుక్క కూడా పెట్టకూడదు, ఆ స్పోర్ల వల్ల బాట్యులిజం అనే జబ్బు వస్తే ఆ పసిబిడ్డ ఒళ్లు వాలిపోతుంది. మీ పీడియాట్రిక్స్ వారు కాన్పుల వార్డు గోడ మీద తెలుగులో ఈ ఒక్క ముక్క పెద్దక్షరాలతో రాయిస్తే చాలు. ఏడాది దాటిన పిల్లలకు దగ్గు వస్తే మాత్రం ముందు తేనె ఇచ్చి చూడమని 2019 నుంచి ఇంగ్లండ్ వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. మామూలు దగ్గుకు యాంటీబయాటిక్ రాయడం తగ్గించాలనే అలా చెప్పారు. తేనె యాంటీబయాటిక్‌కు చేసే సాయం ఇదీ ఒకటి.

దీనికి డబ్బెంతవుతుందని అడిగితే, పెద్దగా కాదు. మీడియం, ప్లేట్లు, స్ట్రెయిన్లు మీ దగ్గర ఎలాగూ ఉంటాయి. తేనెలో నీరెంతో చూసే రిఫ్రాక్టోమీటర్, క్యాటలేజ్ కొనాలి. అవశేషాల పరీక్ష ఒక్కటే బయటికి పంపాలి. మనుషుల మాటకొస్తే, ఎంబీబీఎస్ పిల్లలకు ఐసీఎంఆర్ వారి షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఉంది, రెండు నెలల పనికి సరిగ్గా సరిపోతుంది. పీజీ థీసిస్‌లలో "మా ఆసుపత్రిలో యాంటీబయాటిక్ సెన్సిటివిటీ తీరు" అన్న శీర్షిక ఎన్నేళ్లుగా చూస్తున్నామో మీకే తెలుసు. ఏటా ఆర్‌లు పెరిగాయని ఇంకో పట్టిక వేయడం కన్నా ఇది ఒకరికి అప్పగించండి. పనిచేయలేదని తేలినా నష్టం లేదు. ఫలానా కొండ తేనె ఎంఆర్ఎస్ఏను ఆపలేదని మీ పేరుతో వస్తే బకెట్ తేనెల వాళ్ల నోళ్లు కొంచెమన్నా మూతపడతాయి.

శాంపిళ్లకు ఏప్రిల్, మే నెలలు మంచివి, వానలు పడ్డాక తీసిన తేనెలో నీరు ఎక్కువగా ఉంటుంది. పెంచలకోన వైపు పట్లు కోసేవాళ్లు నాకు తెలుసు. ఏ చరియ, ఏ చెట్టు, ఏ తేదీ అన్నది సీసా మీద రాయించి, వెలుతురు తగలకుండా నల్ల కాగితం చుట్టి, ఐస్ బాక్సులో పెట్టి తెచ్చే పూచీ నాది, ఆ ఖర్చు కూడా నేనే పెట్టుకుంటాను. దోర్నాల వైపు మాత్రం ఒంగోలు కళాశాల వారే మనిషిని చూసుకోవాలి. సీసాలు ఏ గదిలో, ఎవరికి ఇచ్చి సంతకం తీసుకోవాలో మార్చి నెలాఖరులోగా నోటీసు బోర్డులో పెట్టించండి చాలు.

ఇట్లు,
మీ విధేయుడు,
నెల్లూరులో పనిచేసే ఒక ల్యాబ్ టెక్నీషియన్